రెండో గేరు పట్టుకున్న చెయ్యి

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎవరినైనా అడగండి, అంత ఉరుకు కారును అంత తక్కువకు కొన్న మనిషి నేను తప్ప ఇంకొకడు దొరకడు. షోరూము వాడు చెప్పిన ధరలో రెండు లక్షల పది వేలు కోయించినాను. సీటు కవర్లు, కాళ్ళ కింద పట్టాలు, మొదటి ఏడాది ఇన్సూరెన్సు వాడి నెత్తినే వేసినాను. బయటికి వచ్చేటప్పుడు కౌంటరు మీదున్న పెన్ను కూడా జేబులో పెట్టుకున్నాను, అలవాటు కొద్దీ. ఎడమ మోకాట్లో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్సురే దీపం ముందు పెట్టి చూపించి ఎన్నాళ్ళో కాలేదు. అట్లాంటి నేను, ఎడమ కాలితో క్లచ్చు తొక్కితే తప్ప కదలని బండిని, అరవయ్యో పడిలో సొంత బండి స్టీరింగు పట్టుకోవాలని ఆశపడిన పెళ్ళానికి తోలడం రాని బండిని, ఆ షోరూములో ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన బండిని గెలిచి ఇంటికి తెచ్చుకున్నాను. ఇంత తెలివైన బేరం మా వంశంలో నాకు ముందు మా నాయన ఒక్కడే చేసినాడు. ఆ సంగతికి వస్తాను.

ఈ వయసులో ఉరుకు బండి ఎందుకని చాలామంది అడిగినారు. నా చిన్నతనమంతా నల్లమల ఘాటు రోడ్డులో అందరికన్నా వెనక పోయే బండిలో గడిచింది. లారీలు దాటిపోయేవి, బస్సులు దాటిపోయేవి, కిటికీల్లోంచి నా ఈడు పిల్లలు చేతులూపి వెక్కిరించేవాళ్ళు. ఎద్దుల బండి కూడా దాటిపోతుందేమోనని నేను వెనక్కి తిరిగి చూసుకున్న రోజులున్నాయి. ఎప్పటికైనా ఆ రోడ్డు మీద ముందు పోవాలని అప్పుడే అనుకున్నాను. ఆ తర్వాత ఇనుప సామాన్ల దుకాణం, పెళ్ళి, పిల్లల చదువులు, వీటన్నిటిలో ఆ కోరిక అటక మీద పడి ఉండిపోయింది. దుకాణం బాడుగకిచ్చి ఇంట్లో కూర్చున్నాక దించి చూస్తే ఇంకా పురుగు పట్టలేదు.

మా ఆవిడ సరోజ అడ్డు చెప్పలేదు. అంతకు ముందు సంవత్సరం మా కూతురి కాన్పుకని గుంటూరు పోయి అక్కడ కొన్ని నెలలు ఉండినప్పుడు, ఆ వీధి మొదట్లో గేర్లు లేని కారు మీద నేర్పే డ్రైవింగు స్కూలు ఒకటి కనపడిందంట. పసిబిడ్డ నిద్రపోయే వేళ చూసుకుని పోయి నేర్చుకుంది. లైసెన్సు తీసుకుని వచ్చి, దాన్ని దేవుడి గూట్లో పటాల పక్కన నిలబెట్టింది. నేను కారు కొనాలనుకుంటున్నానని తెలిసిన రోజు, కూరగాయలు తరుగుతా ఒక మాట చెప్పింది. "గేర్లు లేంది తీసుకోండి. నేనూ తోల్తా. చెల్లెల్ని చూడాల్నంటే మిమ్మల్ని అడగాల, బస్సు కోసం కాచుకోవాల. ఆ పని తప్పుతాది." వాళ్ళ చెల్లెలు గిద్దలూరులో ఉంటుంది, లేచి తిరగలేని మనిషి. వారానికొకసారైనా పోయి కూర్చుంటే దానికి ప్రాణం లేచొస్తుంది. సరోజ ఆ మాట ఒక్కసారే చెప్పింది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఏదైనా ఒక్కసారే చెప్తారు. రెండోసారి చెప్తే ధర తగ్గుతుందని వాళ్ళకెవరు నేర్పినారో తెలియదు.

ఇద్దరం ఒంగోలు పోయినాము. షోరూములో టై కట్టుకున్న పిల్లాడు సార్ సార్ అంటా ఎదురొచ్చినాడు. ఊరేదని అడిగినాను. పొదిలి అన్నాడు. పొదిలి అనంగానే నాకు సగం బేరం అయిపోయినట్టే. మా వైపు బేరానికి మొదటి మెట్టు వరస కలపడం. వరస కలిసినాక ధర చెప్పేవాడికి గొంతు గట్టిగా లేవదు. వాళ్ళ మేనత్తను వెలిగండ్లలో ఇచ్చినారన్నాడు. వెలిగండ్లలో పలకల వ్యాపారి మా నాయన సరుకు దిగని బడి లేదు గనక, అటు తిప్పి ఇటు తిప్పి వాడిని అల్లుణ్ణి చేసుకున్నాను. వాడు వెంటనే మామా అన్నాడు. వంగినాడనుకున్నాను.

ఆ బండికి ఇంజను ఒకటే, ఒళ్ళు ఒకటే, గేరు పెట్టెలు మాత్రం రెండు రకాలు. మొదటిది మనకు తెలిసిందే, మూడు పెడళ్ళు, మధ్యలో గేరు కర్ర. రెండోది రెండు క్లచ్చులది, దానికి ఎడమ కాలుతో పనే లేదు. అల్లుడు బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి చూపించినాడు. "ఒక క్లచ్చు ఒకటి, మూడు, అయిదు గేర్లు చూసుకుంటాది మామా. ఇంకోటి రెండు, నాలుగు, ఆరు. మీరు రెండులో పోతాంటే మూడు ముందే తయారై కూచునుంటాది. ఇది వదల్తాది, అది పట్టుకుంటాది. మీకు తెలియను కూడా తెలియదు." ఎంత చెయ్యి తిరిగినవాడు కర్రతో మార్చినా ఈ మిషను కన్నా వెనకేనని, అందుకే ఉరుకు బండ్లలో కంపెనీలు ఒక్కొక్కటే కర్రను తీసేస్తున్నాయని, ఇంకా కర్రే కావాలనేవాళ్ళు సరదా కోసం అడిగేవాళ్ళేనని చెప్పినాడు. ఆ సరదా తీర్చడానికి స్టీరింగు వెనక రెండు రెక్కలు పెట్టినారు. వేళ్ళతో లాగితే నువ్వే గేరు మార్చినట్టు, లాగకపోతే దాని పని అది చేసుకుంటుంది. సరోజ చెప్పులు బయట విడిచి ఆ బండిలోకి ఎక్కింది. ఎర్ర బండి. సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, ఆ రెక్కలను ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగి చూసింది.

నేను ధర అడిగినాను. దాంట్లో రూపాయి తగ్గదన్నాడు అల్లుడు. వచ్చింది వచ్చినట్టు పోతాందంట, ముందు డబ్బు కట్టి కాచుకోవాలంట. తగ్గని ధర వింటే నేను ఇంక ఆ సరుకు వైపు చూడలేను. అట్ల చూపు తిప్పంగానే కిటికీ అవతల, షెడ్డు గోడ పక్కన, దుమ్ము కొట్టుకుని నిలబడిన బూడిద రంగు బండి కనపడింది. అదేంది అన్నాను.

"అది కర్ర బండి మామా. శానా నెలలుగా ఉంది. ఎవురూ అడగడం లేదు."

ఎవరూ అడగడం లేదు. ఆ మాట నా చెవిలో ఎట్ల పడిందో మీకు తెలియాలంటే మా ఇల్లు తెలియాలి.

మా నాయనది మార్కాపురంలో పలకల దుకాణం. బడులు తెరిచే ముందు పలకలు, బలపాలు. మిగతా ఏడాదంతా సబ్బులు, చెప్పులు, బిస్కెట్లు, లాంతరు గ్లాసులు, ఏది చౌకగా దొరికితే అది. దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. నీళ్ళు చల్లిన పలకరాయి వాసన, కొత్త చట్రాల చెక్క వాసన, నాయన ముక్కుపొడి ఘాటు తెర దాటి ఇవతలికి వచ్చేవి గానీ మంచి సరుకు ఎప్పుడూ రాలేదు. అమ్ముడుపోయేది ఊరికి, అమ్ముడుపోనిది ఇంటికి. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు, ఎవరూ కాదనలేదు. దేశమంతా అక్షరాలు దిద్దే పలకలు పుట్టే ఊర్లో పుట్టి నేను మూల విరిగిన పలక మీద దిద్దినాను. ఎలుక కొరికిన సబ్బుతో స్నానం. డబ్బా అడుగున మిగిలిన బిస్కెట్ల పొడిని అమ్మ పాలల్లో కలిపి, అదేదో నాకోసం ప్రత్యేకంగా చేసినట్టు ఇచ్చేది. నా చెప్పుల్లో కుడిది ఒక జతది, ఎడమది ఇంకో జతది. బడిలో నవ్వుతున్నారని చెప్తే నాయన ముక్కుపొడి పీల్చి, "ఒకటి ముందు, ఒకటి వెనక ఏసి నడువు. రెండూ ఒకసారి కనపడవు" అన్నాడు. అమ్మ చీరలు బట్టల కొట్టాయన దగ్గర మార్పిడి కింద వచ్చేవి. అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఉండి, మడత మీద ఎండ పడి, ఆ మడత పొడుగునా రంగు వెలిసిన చీరలు. ఆ వెలిసిన గీత చీరలో డిజైను అనుకున్నాను నేను చాలా ఏళ్ళు.

మాకు లేక కాదు. దుకాణం బాగానే నడిచేది. మంచి సరుకు ఇంట్లో వాడితే దాని ధర పోయినట్టు, మిగిలిన సరుకు వాడితే ఆ మేరకు సంపాదించినట్టు, అదీ నాయన లెక్క. ఆ లెక్కలో మేము కూడా గిరాకీలమే, కాకపోతే బేరమాడని గిరాకీలం.

జీపు కూడా అట్లనే మా ఇంటికి వచ్చింది. ఏదో సర్కారు ఆఫీసు వాళ్ళు పాత జీపును వేలం పెట్టినారు. ఒక్కరూ పాట పాడలేదు. ఎందుకు పాడలేదో కనుక్కోకుండా, ఎవరూ పాడడం లేదు గనక నాయన పాడినాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, అమ్మ హారతి ఇచ్చి దిష్టి తీసింది. ఆ సాయంత్రం ఊరి బయట మిట్ట ఎక్కేటప్పుడు సంగతి బయటపడింది. రెండో గేరు నిలవదు. వేసిన కాసేపటికే కర్ర దానంతటది వెనక్కి తన్నుకుని వచ్చేస్తుంది, ఇంజను ఊరికే అరుస్తుంది, బండి వెనక్కి జారుతుంది. మెకానిక్కు చూసి లోపల పళ్ళు అరిగినాయి, పెట్టె విప్పాల, కొత్త పళ్ళు మద్రాసు నుంచి తెప్పించాల అన్నాడు. నాయన ఆలోచించినాడు. కర్రను ఎవరైనా ముందుకు నెట్టి గట్టిగా పట్టుకుంటే గేరు జారదని అప్పటికే కనిపెట్టినాడు. ఎడమ సీట్లో అమ్మ కూర్చుని ఉంది. పెట్టె విప్పితే ఖర్చు, అమ్మ చెయ్యికి ఖర్చు లేదు. "నువ్వు పట్టుకో" అన్నాడు.

బడులు తెరిచే కాలానికి ముందు ప్రతి వారం ఆ జీపులో పలకలు వేసుకుని కంభం, గిద్దలూరు మీదుగా అడవి దాటి నంద్యాల పోయేవాళ్ళం. తెల్లారకముందే అమ్మ లేచి జొన్న రొట్టెలు కాల్చి, ఉల్లిపాయలు, శనగకాయల పొడి గుడ్డలో మూటగట్టేది. చెక్క పెట్టెల్లో పలకల మధ్య వరిగడ్డి కుక్కి ఎక్కించినాక, మిగిలిన సందులో నేను. కంభం చెరువు గాలి తగిలేటప్పటికి తెల్లారేది. గిద్దలూరులో టీ. దిగువమెట్ట దగ్గర అడవి మొదలైతే అమ్మ కొంగు కుడి అరచేతికి రెండు చుట్లు చుట్టుకునేది. అక్కడి నుంచి ఘాటు దాటేదాకా బండిలో రెండే మాటలు. పట్టుకో. వదులు. నాయన క్లచ్చు తొక్కి కర్రను రెండులోకి నెట్టి పట్టుకో అనేవాడు. అమ్మ రోడ్డు వైపు కూడా చూడకుండా, భుజం ముందుకు వంచి, ఒళ్ళంతా ఆ కర్ర మీద మోపి కూర్చునేది. కర్ర అదురు ఆమె మోచేతి దాకా, అక్కడి నుంచి దవడ దాకా పాకడం వెనక నుంచి నాకు కనపడేది. మూడులోకి మార్చే చోటు వస్తే వదులు అనేవాడు. ఒక్కోసారి మాట రాకముందే ఇంజను గొంతు విని ఆమె చెయ్యి తీసేసేది. అవతల నీడ పట్టున ఆగి రొట్టెల మూట విప్పితే, ఆమె కుడిచేతి వేళ్ళు కర్ర మందాన ముడుచుకునే ఉండేవి. రొట్టె తుంచడానికి విడిపోయేవి కావు. నేను తుంచి ఇచ్చేవాడిని, ఎడమ చేత్తో అందుకునేది.

ఒక వేసవి చివర నాయనకు చలిజ్వరం పట్టుకుంది. బండికి పెట్టెలు ఎక్కించి ఉన్నాయి, నంద్యాల షావుకారు రేపో మాపో వేరేవాడి దగ్గర కొనేస్తాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, జుట్టు ముడేసుకుంటా, నాయన మంచం దగ్గర నిలబడింది. "నేను తోల్తా. సగం బండి నేనే తోల్తాండా గదా. మిగతా సగం ఎంతసేపు."

నాయన రెండు దుప్పట్ల కింద నుంచి దగ్గు వచ్చేదాకా నవ్వినాడు. ఆయన నవ్వినాడు గనక నేనూ నవ్వినాను. అమ్మ కూడా కొంచెం నవ్వింది, నవ్వాల్సి వచ్చిన మనిషి లాగ. ఒక బాడుగ డ్రైవరును పిలిపించినాము. వాడు ఊరి బయట మిట్ట దాకా పోయి తిరిగొచ్చి, ఆ గేరు అమ్మ చేతికి తప్ప ఆగదయ్యా అన్నాడు. అమ్మ కొంగు చేతికి చుట్టుకుని పోయి ఎడమ సీట్లో కూర్చుంది. ఘాటులో వాడు అమ్మా పట్టుకో, అమ్మా వదులు అన్నాడు. తేడా ఆ ఒక్క అమ్మా అనే మాటే. నంద్యాలలో సరుకు దిగింది, డబ్బు వచ్చింది. తోల్తానని అమ్మ మళ్ళీ ఎప్పుడూ అనలేదు. గేరు పెట్టె విప్పకుండానే జీపు పాత ఇనుముకు పోయింది.

అన్నీ తెలిసి కూడా, ఎవరూ అడగడం లేదు అనే మాట వినగానే నేను బూడిద రంగు బండి చుట్టూ మూడుసార్లు తిరిగినాను. అల్లుడితో చీకటి పడేదాకా బేరమాడినాను. సరోజతో, గేరు మార్చకపోతే అది తోలడం కాదు, కూర్చోవడం అన్నాను. నిజమైన ఉరుకు బండి అంటే కర్ర ఉండాలన్నాను. నీకు నేను నేర్పిస్తానన్నాను. ఆమె ఎర్ర బండి దగ్గర విడిచిన చెప్పులు వేసుకుని వచ్చి, బూడిద రంగు బండిలో ఎడమ వైపు తలుపు తీసుకుని కూర్చుంది.

ఉన్నమాట చెప్పాలి, కొన్నాళ్ళు బాగానే ఉండింది. కంభం రోడ్డులో వాహనాలు లేని పొద్దున మూడు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి అయిదుకు మారుస్తుంటే కర్ర వెన్నలో కత్తి లాగ పోయేది. వీపు సీటుకు అతుక్కునేది. చిన్నప్పుడు కిటికీల్లోంచి వెక్కిరించిన పిల్లలందరినీ ఒక్కొక్కరినే దాటేసినాను. కానీ మార్కాపురం బజారులోకి వస్తే ఆటోలు, గేదెలు, బండి మీద అరటిపండ్లమ్మేవాళ్ళు, అడుగుకొకసారి క్లచ్చు. ఇంటికి వచ్చి దిగితే మోకాలు ఉడికిన బెండకాయ. సరోజకు నేర్పిద్దామని కాలేజీ మైదానానికి రెండుసార్లు తీసుకుపోయినాను. ఇంజను ఆగిపోతే నేను గొంతు పెంచినాను. రెండోరోజు ఆమె తాళం నా చేతిలో పెట్టి, నేను నేర్చుకున్నది వేరేలెండి అనింది. గిద్దలూరుకు బస్సులోనే పోయింది. మొదట వారం వారం, తర్వాత ఎప్పుడో ఒకసారి. లైసెన్సు దేవుడి గూట్లోనే ఉంది. రోజూ దానిక్కూడా ఇంత పసుపు కుంకుమ పడేది.

మొన్న సీతాఫలాల కాలంలో నంద్యాలలో పెళ్ళికి పోవాల్సి వచ్చింది. దిగువమెట్ట దాటినాక రోడ్డు పక్కన అడవి మనుషులు గంపల్లో పండ్లు పెట్టుకుని కూర్చున్నారు. బాగా మాగి చిట్లుతున్న గంప సగం ధరకు ఇస్తానంటే తీసుకుని వెనక సీట్లో పెట్టినాను. మూలమలుపులో ఎక్కడో పైన లారీ అడ్డం తిరిగి ఆగిపోయిందంట. వాహనాలు బారులు తీరినాయి. నాలుగు అడుగులు కదలడం, ఆగడం. ఎత్తు మీద ఆపి, మళ్ళీ కదిలించి, మళ్ళీ ఆపి. అంత ఉరుకు బండి, అదే ఘాటులో, అందరికన్నా వెనక. మాగిన పండ్ల వాసన, కాలిన క్లచ్చు వాసన కలిసి బండంతా కమ్ముకున్నాయి. ఒకచోట కాలు కిందికి పోనంది. మోకాలు బిగుసుకుపోయింది. వెనక లారీ హారను. లారీ క్లీనరు దిగి వచ్చి కిటికీలోంచి తొంగి చూసి, ఏంది పెద్దాయనా, కొత్త బండి మొండికేసిందా అన్నాడు. బండి బాగుంది నాయనా అన్నాను.

రోడ్డు దిగి ఆపడానికి చోటు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సరోజ నా ముఖం చూసింది, మోకాలు చూసింది.

"మీరు తొక్కండి. నేను మారుస్తా," అనింది.

స్టీరింగు కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో మోకాలి చిప్పను కిందికి అదిమి క్లచ్చు తొక్కినాను. ఒకటి అన్నాను. ఆమె కర్రను మూడులో పెట్టింది. బండి వణికి ఆగిపోయింది. మళ్ళీ హారను. మళ్ళీ అదిమినాను. ఈసారి కర్ర మీద చెక్కిన అంకెలను వంగి చూసి ఒకటిలో పెట్టింది. కదిలింది. మలుపు దగ్గర రెండు కావాలి. మోకాలు అదుముతా, ఊపిరి బిగబట్టి, రెండు అనబోయినాను. నా నోట్లోంచి వచ్చింది ఆ మాట కాదు. పట్టుకో అన్నాను. గొంతు కూడా నాది కాదు, నాయనది. కొత్త పెట్టె, దాని పళ్ళు అరగలేదు, దాన్ని ఎవరూ పట్టుకునే పనిలేదు. కానీ ఆమె రెండులోకి లాగి అట్లనే పట్టుకుని కూర్చుంది, భుజం వంచి. మలుపు తిరిగినాము. వదులు అన్నాను.

ఆమె చెయ్యి తీసి ఒడిలో పెట్టుకుంది. రోడ్డునే చూస్తా, "అత్త పని నాకొచ్చింది," అనింది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బేరమాడి సగానికి దించేవాడిని. అమ్మ చివరి సంవత్సరాలు సరోజే చూసుకుంది. టీవీ ముందు పడక కుర్చీలో కూర్చున్నప్పుడు అమ్మ కుడి చెయ్యి కుర్చీ చేతిని ముందుకు నెడతా ఉండేది, గంటల తరబడి. ఏందత్తా అది అని సరోజ అడిగితే, రెండో గేరే అని నవ్వేదంట. ఆ సంగతి సరోజ నాకు అమ్మ పోయినాక చెప్పింది.

పెళ్ళి చూసుకుని, వేరే డ్రైవరును పెట్టుకుని ఇంటికి వచ్చినాము. పండ్లలో సగం వెనక సీటు మీద నీరైపోయి ఉన్నాయి. ఆ వారంలోనే ఒంగోలు పోయినాను, సరోజతో కలిసి. అల్లుడు కుర్చీ వేసినాడు, మామా అన్నాడు, టీ తెప్పించినాడు. బూడిద రంగు బండిని తిరిగి తీసుకోమంటే ఒక ధర చెప్పినాడు. నేను నోరు తెరిచినాను. వాడు చాలా మర్యాదగా, "కర్ర బండి మామా. ఎవురూ అడగరు," అన్నాడు. ఏడాది తిరగకముందు నా చేతిలో వంగినట్టు కనపడిన పిల్లాడు ఆ పొద్దు ఏం చేసినాడో అప్పుడు అర్థమైంది. వాళ్ళ షెడ్డులో మిగిలిపోయిన సరుకును, మిగిలిన సరుకు కోసమే పెరిగిన మనిషికి అంటగట్టినాడు. మంచి వ్యాపారస్థుడు. పొదిలి వాడు గదా.

ఎర్ర రంగుదే తీసుకున్నాము. ధర అడగలేదు, చెప్పిందే కట్టినాను. ఇప్పుడు సరోజ తోలుతుంది, నేను ఎడమ వైపు కూర్చుంటాను. వారానికొకసారి గిద్దలూరు. చెల్లెలు కిటికీ దగ్గర మంచం వేయించుకుని, బండి వచ్చే చప్పుడు విని పలకరిస్తుంది. సరోజ మరీ నెమ్మదిగా తోలుతుంది. అంత ఉరుకు బండిని బస్సులు దాటిపోతుంటాయి, ఆమెకు పట్టదు. ఎత్తు వచ్చినప్పుడు నా ఎడమ కాలు లేని క్లచ్చును తొక్కుతుంది, కుడి చెయ్యి మధ్యలోకి పోతుంది. ఆమె రోడ్డు మీది చూపు తిప్పకుండా దాన్ని తీసి నా ఒడిలో పెడుతుంది. ఒక క్లచ్చు పట్టుకుంటే ఇంకోటి వదలడం, అడగకముందే తయారుగా ఉండడం, కంపెనీల వాళ్ళు ఇంత చదువు చదివి కనిపెట్టింది అదే. మా నాయనను, అమ్మను కలిపి ఒక పెట్టెలో పెట్టినారు. కాకపోతే దీంట్లో ఎవరి చెయ్యీ మొద్దుబారదు.

నిన్న రాత్రి భోజనాలైనాక లెక్క చూసుకున్నాను, సరోజ ఎదురుగా తమలపాకులకు సున్నం రాస్తుంటే, పైకే చెప్తా. కోయించిన రెండు లక్షల పది వేలు లాభం కింద చెప్పబోయి ఆగినాను, అది కొన్న ధరలోనే కలిసిపోయింది, రెండుసార్లు లెక్కపెట్టడం మోసం. కర్ర బండిని కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా నాలుగు లక్షల ముప్ఫై వేలు. టాక్సు, రిజిస్ట్రేషను మళ్ళీ మొదటి నుంచి కట్టినందుకు లక్షా డెబ్బై వేలు. ఈలోపల ఎర్ర బండి ధర పెరిగింది నలభై వేలు. మోకాలికి సూదులు పన్నెండు వేలు. జీపు గేరు పెట్టె విప్పడానికి ఆ పొద్దు మెకానిక్కు ఎంత అడిగినాడో గుర్తు చేసుకుందామని చూసినాను. ఆ కాలంలో సబ్బు ధర గుర్తుంది, బలపాల పెట్టె ధర గుర్తుంది, అది ఒక్కటి ఎంతకీ గుర్తు రాలేదు. సరే, ఉన్నవి కలిపితే ఆరు లక్షల యాభై రెండు వేలు అన్నాను.

సరోజ ఆకు మడిచి నా చేతిలో పెట్టింది.

"గుంటూరులో డ్రైవింగు స్కూలు ఫీజు తొమ్మిది వేలు. నా డబ్బు," అనింది.

కలిపినాను. ఆరు లక్షల అరవై ఒక్క వేలు.